హెచ్‌ఎంఎఫ్ మొత్తం పోయింది, ఎఫ్‌డీసీఏ మాత్రం 70 శాతమే

ప్రశ్న: హెచ్-సెల్ (మెంబ్రేన్‌తో రెండు గదులుగా విడదీసిన ఎలక్ట్రోకెమికల్ సెల్)లో ఒకవైపు హెచ్‌ఎంఎఫ్ (చక్కెరల నుంచి వచ్చే ఫ్యూరాన్ ఆల్డిహైడ్)ను ఎఫ్‌డీసీఏ (ప్లాస్టిక్‌కి ముడిసరుకైన ఆమ్లం)గా ఆక్సీకరించి, మరోవైపు సీఓ2ను ఫార్మేట్ (ఫార్మిక్ ఆమ్లపు అయాన్)గా మార్చాలని ప్రయత్నం. ఆనోడ్‌ వైపు నికెల్ ఫోమ్, 1 మోలార్ కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం) 20 మి.లీ.లో 10 మిల్లీమోలార్ హెచ్‌ఎంఎఫ్. కాథోడ్‌ వైపు కార్బన్ పేపర్ మీద బిస్మత్, 0.5 మోలార్ పొటాషియం బైకార్బొనేట్ 20 మి.లీ., సీఓ2 బబ్లింగ్. నడుమ ఆనయాన్ (రుణావేశ అయాన్లను పంపే) మెంబ్రేన్. 20 మిల్లీఆంప్ స్థిర కరెంట్‌తో 116 కూలుంబులు (ఉన్న హెచ్‌ఎంఎఫ్ అంతా మారడానికి లెక్కప్రకారం సరిపోయేంత) పంపాక హెచ్‌ఎంఎఫ్ పీక్ అసలు లేదు, ఎఫ్‌డీసీఏ మాత్రం 70 శాతం. ఆనోడ్ ద్రావణం టీ డికాక్షన్ రంగుకు తిరిగింది. ఫార్మేట్ కూడా తక్కువే. ఎక్కడ పోతున్నట్టు?

జవాబు: ఆ రంగే చెబుతోందండీ, అది హ్యూమిన్ (హెచ్‌ఎంఎఫ్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడే గోధుమరంగు పదార్థం). గాఢ క్షారంలో హెచ్‌ఎంఎఫ్ కరెంట్‌తో పనిలేకుండానే పాడవుతుంది. మీ రన్ 97 నిమిషాలు, అంతసేపూ అది కేఓహెచ్‌లో నానుతోంది. హెచ్‌ఎంఎఫ్ పలచబడ్డాక మిగతా కరెంట్ నీటి నుంచి ఆక్సిజన్ పుట్టించడానికే పోతుంది; చివర్లో ఫోమ్ మీద బుడగలు చూడండి. 0.2 మోలార్ హెచ్‌ఎంఎఫ్‌ను మామూలు నీళ్లలో కలిపి, సిరంజి పంపుతో నిమిషానికి 10 మైక్రోలీటర్ల చొప్పున వదలండి. ఒక్కో హెచ్‌ఎంఎఫ్‌కి ఆరు ఎలక్ట్రాన్ల లెక్కన 20 మిల్లీఆంప్‌కి దాదాపు సరిపోతుంది. శాంపిల్ తీసిన వెంటనే ఆమ్లంతో తటస్థం చేయండి, లేకపోతే వయల్‌లోనూ అదే జరుగుతుంది.

ఇంకో జవాబు: ఫార్మేట్ సంగతి మెంబ్రేన్‌లో ఉంది. ఫార్మేట్ ఆనయానే కదా, విద్యుత్ క్షేత్రం దాన్ని ఆనోడ్ వైపే లాగుతుంది. రెండు వైపులా కొలవండి. అయితే ఆనోడ్‌లో కనబడిందల్లా కాథోడ్‌దే అనుకోకండి, ఫ్యూరాన్ రింగ్ తెగినా ఫార్మేట్ వస్తుంది. సీఓ2 బదులు ఆర్గాన్‌తో ఒక రన్, హెచ్‌ఎంఎఫ్ లేకుండా ఒక రన్ వేస్తే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తేలిపోతుంది. కార్బొనేట్ కూడా ఆనోడ్ వైపే దాటి అక్కడి పీహెచ్ దించుతుంది. పీహెచ్ తగ్గేకొద్దీ నికెల్ మందగిస్తుంది. నాఫియాన్ 117 (ధనావేశ అయాన్లను పంపే మెంబ్రేన్) వేసి చూడండి.

అడిగినవారు: నాఫియాన్‌తో పొటాషియం కాథోడ్‌ వైపు చేరి ఉప్పు కట్టదా?

జవాబు: 116 కూలుంబులకి దాటేది 1.2 మిల్లీమోల్. మీ బైకార్బొనేట్‌లో ఇప్పటికే 10 మిల్లీమోల్ పొటాషియం ఉంది, ఏమీ కాదు. గ్యాస్ డిఫ్యూజన్ ఎలక్ట్రోడ్‌కి (వాయువు నేరుగా చేరేలా రంధ్రాలున్న ఎలక్ట్రోడ్) మారితే మాత్రం రంధ్రాల్లో ఉప్పు పూడుకుంటుంది, అప్పుడిది నిజంగా తలనొప్పే. ఆనోడ్‌ వైపు ఒక్కో ఎఫ్‌డీసీఏకి 8 హైడ్రాక్సైడ్లు ఖర్చు. 10 మిల్లీమోలార్‌కి లెక్కలోకి రాదు. 100 మిల్లీమోలార్‌కి వెళ్తే 1 మోలార్ కేఓహెచ్‌లో ఎనభై శాతం ఖర్చయిపోతుంది, మధ్యలో నింపాలి.