ఎండాకాలం ప్రయాణంలో బొమ్మలు వెయ్యాలా, మానెయ్యాలా? మీరేం చేస్తారు?

పల్చటివాష్
నమస్కారమండీ. పదకొండేళ్లుగా వాటర్‌కలర్ వేస్తున్నాను. ఆరేళ్లుగా అదే నా జీవనాధారం. ప్రతి ఎండాకాలం ఇంట్లోవాళ్లతో మూడు వారాలు ప్రయాణం పెట్టుకుంటాం. నిరుడు ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు), పెద్ద కాగితాలు, ఇరవై నాలుగు రంగులు, మొత్తం సరంజామా మోసుకెళ్లాను. రోజుకో బొమ్మ అని లెక్క కూడా పెట్టుకున్నాను. నాలుగు రోజులు సాగింది. ఆ తర్వాత ఏది చూసినా "ఇది వెయ్యాలి కదా" అనే ఆలోచనే. మా అమ్మాయి నీళ్లలో నిలబడి రమ్మని పిలుస్తుంటే, వెలుగు మారిపోతోందని దాని మీద విసుక్కున్నాను. ఆ తర్వాత అది మళ్లీ పిలవలేదు. ఏడాదైనా అది నా మనసులోంచి పోలేదు.

నాలుగు సగం బొమ్మలతో తిరిగొచ్చి, నెల రోజులు కుంచె ముట్టుకోలేదు. ఈసారి రెండు కమిషన్లు, అంటే అడిగి వేయించుకుంటున్న బొమ్మలు కూడా చేతిలో ఉన్నాయి. పూర్తిగా మానేసి వెళ్దామంటే చెయ్యి మొద్దుబారుతుందని భయం. మీ అనుభవాలు చెప్పండి.

బొగ్గుముక్క
చెయ్యి సంగతి నేను చెబుతానండీ. ఒకసారి ఐదు వారాలు పెన్సిల్ కూడా పట్టలేదు. తిరిగొచ్చిన మొదటి రోజు గీతలు నిజంగానే వణికాయి. నాలుగో రోజుకి దారిలో పడ్డాయి. నేను చేసిన తప్పల్లా మొదటి రోజే మంచి కాగితం తీసి కూర్చోవడం. అది పాడవగానే "నా పని అయిపోయింది" అనుకున్నాను. ఇప్పుడు వచ్చాక మూడు రోజులు మామూలు కాగితం మీద బొగ్గుతో పెద్ద పెద్ద గీతలు, భుజం కదిలేలా గీస్తాను. వాటిని దాచను, ఎవరికీ చూపించను.

మలిగీత
మీరు రెండు వేరు వేరు పనుల్ని ఒకేచోట చెయ్యబోయారు అనిపిస్తోంది. చూసి పోగుచేసుకోవడం ఒకటి, బొమ్మ పూర్తిచెయ్యడం ఇంకొకటి.

ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ ఏళ్ల తరబడి నడిచిన తీరు చూడండి. వేసవిలో ప్రయాణాలు, చలికాలంలో స్టూడియో. దారిలో ఎక్కువగా పెన్సిలే. రంగులు చాలావరకు తర్వాతే. ఆయన వదిలి వెళ్లిన స్కెచ్‌బుక్‌లు దాదాపు 300. వాటిలో చాలా పేజీలు నాలుగైదు గీతలే, కొండ అంచు, పడవ స్తంభం, అంతే. ఫ్రెంచ్ చిత్రకారుడు దెలక్రువా 1832లో మొరాకో వెళ్లినప్పుడు పుస్తకాల నిండా చిన్న బొమ్మలు, పక్కనే రంగుల గురించి రాతలు నింపుకున్నాడు. ఆ ప్రయాణంలో చూసిన అల్జీర్స్ స్త్రీల పెద్ద చిత్రం 1834లో ప్రదర్శనకు వచ్చింది, ప్యారిస్‌లో గీసి. అక్కడితో ఆగలేదు, ఆ ఒక్క ప్రయాణం ఆయనకు జీవితాంతం సరుకు ఇచ్చింది.

నేను పేజీకి ఒక చిన్న గీత బొమ్మ గీసి, చుట్టూ మాటలు రాస్తాను. "నీడ ఊదా కాదు, ఆకుపచ్చ వైపు", "గోడ ఆకాశం కన్నా వెలుతురుగా ఉంది" ఇలా. రెండు నిమిషాల పని. ఆరు నెలల తర్వాత తీసినా ఆ మాటలు పనికొస్తాయి.

తడికాన్వాస్
ఫోటో తీసుకుంటే సరిపోదా? నేను ఫోన్‌తోనే లాగించేస్తాను.

మలిగీత
ఫోటో కూడా తీసుకుంటానండీ, ఆకారాల కోసం. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో కెమెరా వెలుగుకి సరిపెట్టుకుంటే నీడలన్నీ నల్లగా ముద్దైపోతాయి. నీడలో మీరు చూసిన రంగు అందులో ఉండదు. నేను రాసుకునేది సరిగ్గా ఆ పోయినదాన్నే.

తెల్లకాగితం
ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి. ప్రయాణం విశ్రాంతి కాదు. పెట్టెలు సర్దడం, నిద్ర తగ్గడం, కొత్త చోట పిల్లల్ని చూసుకోవడం, అదంతా ఒంటికి పనే. మూడేళ్ల క్రితం మణికట్టు నొప్పి పట్టుకున్నా, "ఎలాగూ టూర్ వెళ్తున్నాం, తగ్గిపోతుంది" అనుకున్నాను. బరువు సంచులు మోసి ఇంకా పెంచుకుని వచ్చాను. చివరికి రెండు నెలలు పని మానాల్సి వచ్చింది. పూర్తికాని బొమ్మ ఎదురుగా ఉండి, పట్టుకోలేకపోతే ఎంత ఏడుపొస్తుందో మీకు తెలుసు.

అప్పటినుంచీ తిరిగొచ్చాక నాలుగు రోజులు క్యాలెండర్‌లో ఖాళీగా ఉంచుతాను. ఆ రోజుల్లో బొమ్మా లేదు, ఊరూ లేదు. తినడం, నిద్రపోవడం. ఇంట్లోవాళ్లకి కూడా ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇంట్లో కనబడితే చాలు, ఏదో ఒక పని తగులుతుంది. చెప్పడానికి మొదట్లో చాలా మొహమాటపడ్డాను. మీరు పడకండి.

నూనెరంగులు
ఆయిల్స్ వేసేవాళ్ల కోసం ఒక మాట, ఎండాకాలం కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఆ రంగుల్లో ఉండే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అప్పుడు వేడి పుడుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేసి, గది మూసి వెళ్తే వాటంతటవే అంటుకునే ప్రమాదముంది. మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి అందులో వెయ్యండి, లేదా ఆరుబయట ఒక్కొక్కటీ విడిగా పరిచి పూర్తిగా ఆరాక పారెయ్యండి. బయల్దేరేముందు తాళం చెవి కన్నా ముందు నేను చూసుకునేది ఇదే.

ఇంకొకటి, తడి బొమ్మల్ని గోడవైపు తిప్పి చీకట్లో వదలకండి. చీకట్లో నూనె పొర పసుపు తిరుగుతుంది. రంగు పల్చన చేసే టర్పెంటైన్ విమానంలో ఒప్పుకోరు, మంటలంటుకునే సరుకు కిందికి వస్తుంది.

తడికాన్వాస్
ఆక్రిలిక్ వాళ్లు కూడా వినండి. రెండు కాన్వాసులు ముఖాముఖి ఆనించి వెళ్లాను. ఆక్రిలిక్ పొర వేడికి మెత్తబడుతుందని అప్పటికి తెలీదు. తిరిగొచ్చాక విడదీస్తే ఒకదాని ఆకాశం ఇంకోదానికి అంటుకుని వచ్చింది. మధ్యలో జాగా వదలండి.

జేబుపుస్తకం
నా సరంజామా మొత్తం అరచేతిలో పడుతుంది. పోస్ట్‌కార్డ్ సైజు పుస్తకం, ఆరు హాఫ్ పాన్‌లు (చిన్న రంగు బిళ్లలు), ఒక వాటర్ బ్రష్ (పిడిలోనే నీళ్లుండే కుంచె), రెండు క్లిప్పులు. అందరూ లేవకముందు ఇరవై నిమిషాలు కూర్చుంటాను. వాళ్లు లేచారంటే మూసేస్తాను, వాష్ (పల్చటి రంగు పూత) తడిగా ఉన్నా సరే. మొదటి ప్రయాణంలో ఆ మూసెయ్యడమే కష్టమైంది. ఇప్పుడు అందరూ లేచాక బొమ్మ గుర్తుకు రాదు.

ఎండ విషయం: కాగితం మీద నేరుగా ఎండ పడనివ్వకండి. తెలుపు కళ్లు చెదరగొడుతుంది, రంగులన్నీ వెలుతురుగా కనిపించి ముదురుగా వేసేస్తాం. ఇంట్లోకి తెచ్చాక బొమ్మంతా మబ్బేసినట్టుంటుంది. పైగా వాష్ సాగేలోపే ఆరిపోయి అంచులు కట్టేస్తుంది. పెట్టె మూసేముందు పాన్‌లు ఆరనివ్వండి, తడిమీద మూస్తే వేడికి బూజు పడుతుంది.

కథలబొమ్మలు
కమిషన్ల గురించి. పుస్తకాలకు బొమ్మలు వేస్తాను, డెడ్‌లైన్ లేని రోజు ఉండదు. ఒకసారి నేను తిరిగొచ్చే రోజే డెలివరీ అని ఒప్పుకున్నాను. ఆ రెండు వారాలూ మనిషిని ఒకచోట, మనసు ఇంకోచోట. ఇప్పుడు ఒప్పుకునే ముందే తేదీలు చెప్పేస్తాను. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అందుబాటులో ఉండను. వెళ్లేముందు స్కెచ్ పంపుతాను, వచ్చిన పది రోజులకి పూర్తి బొమ్మ ఇస్తాను." స్కెచ్ వాళ్ల దగ్గరుంటే వాళ్లకీ ధైర్యం. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. మౌనంగా ఉండి ఆలస్యం చేసినప్పుడే మాట పడ్డాను.

పల్చటివాష్
అందరికీ చాలా కృతజ్ఞతలండీ. కథలబొమ్మలు గారు చెప్పినట్టు ఇద్దరికీ ఉత్తరాలు పంపాను. ఒకరు వెంటనే సరేనన్నారు, ఇంకొకరు వారం ముందుకు జరపమన్నారు, అది కుదురుతుంది. ఈజిల్ తీసుకెళ్లడం లేదు. వచ్చాక నాలుగు రోజులు ఖాళీ అని క్యాలెండర్‌లో రాశాను.

పల్చటివాష్
తిరిగొచ్చానండీ. మూడు వారాల్లో పదమూడు పేజీలు. మధ్యలో తొమ్మిది రోజులు పుస్తకం తీయనే లేదు, ఆ రోజుల్లో మా అమ్మాయితో నీళ్లలోనే ఉన్నాను. భుజాలు ఎండకి కమిలాయి. ఖాళీ రోజులు నాలుగు అనుకున్నవి మూడే అయ్యాయి, ఆగలేకపోయాను. తెల్లకాగితం గారు కోప్పడతారేమో. నీళ్ల పేజీ ఒకటి పెద్ద కాగితం మీదికి తెస్తున్నాను. నేను "బూడిద నీలం" అని రాసుకున్నాను. అమ్మాయి పక్కన నిలబడి చూసి, కాదు నాన్నా, అడుగున పచ్చగా ఉంది కదా అంది. తను చెప్పిందే నిజం, తను నాకన్నా ఎక్కువసేపు అందులో ఉంది. ఇప్పుడు కింద పచ్చటి వాష్ వేసి ఆరబెట్టాను.