కోర్టు చేయమన్న తుపాకీ భద్రత శిక్షణను ఆన్‌లైన్‌లో పూర్తి చేస్తే సరిపోతుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము టెక్సాస్‌లో ఉంటున్నాము, నాకు గ్రీన్‌కార్డ్ ఉంది. చట్టప్రకారం కొనుక్కున్న పిస్టల్‌ను షూటింగ్ రేంజ్‌కు తీసుకువెళ్లే సంచిలోనే మరిచిపోయి, అదే సంచిలో బట్టలు సర్దుకుని విమానాశ్రయానికి వెళ్లాను. తనిఖీ దగ్గర తెర మీద దాని ఆకారం కనిపించేదాకా అది అందులో ఉందన్న సంగతే నాకు గుర్తు లేదు. నాకు క్యారీ లైసెన్సు కూడా లేదు. ఇప్పుడు ప్రాసిక్యూటర్ కార్యాలయం డైవర్షన్‌కు, అంటే విచారణకు బదులు షరతులు పెట్టి కేసు వదిలేసే ఒప్పందానికి, ఒప్పుకుంటానంటోంది. ఎనిమిది గంటల తుపాకీ భద్రత శిక్షణ, కొన్ని గంటల సమాజ సేవ పూర్తి చేసి, ఏడాది పాటు మరే కేసులోనూ ఇరుక్కోకుండా ఉంటే దీన్ని కొట్టివేస్తారట. కోర్టులు ఆమోదిస్తాయని చెప్పుకునే ఆన్‌లైన్ కోర్సులు చాలానే కనిపిస్తున్నాయి. వాటిలో ఏదో ఒకటి పూర్తి చేసి సర్టిఫికెట్ సమర్పిస్తే సరిపోతుందా? ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. ఆ రోజు సంచిని ముందుగా తెరిచింది తనే, బొమ్మ పెట్టుకోవడానికి. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు 1 (ఇలాంటి శిక్షణ పూర్తి చేసిన వ్యక్తి)

ముందుగా మీ ఉత్తర్వులోని మాటలను ఒకటికి రెండుసార్లు చదవండి. ఏ కోర్సు చెల్లుతుందో దేశమంతటికీ కలిపి నిర్ణయించే సంస్థ ఏదీ లేదు. అది ఆయా కోర్టు, ప్రాసిక్యూటర్ లేదా ప్రొబేషన్ అధికారి ఇష్టం. కాబట్టి సైట్ మీద "కోర్టు ఆమోదించినది" అని రాసి ఉన్నంత మాత్రాన మీ కోర్టు ఒప్పుకుంటుందని అనుకోకండి. నేను ఆ పొరపాటే చేశాను. ఉత్తర్వులో ఎనిమిది గంటలని స్పష్టంగా ఉన్నా, నాలుగు గంటల కోర్సు చేసి సర్టిఫికెట్ పంపాను, వాళ్లు తిప్పి పంపారు. గడువుకు ఇంకా పన్నెండు రోజులే ఉండగా మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. డబ్బు కట్టే ముందే కోర్సు పేరు, గంటలు, పాఠాల వివరాలు మీ న్యాయవాది ద్వారా పంపించి, ఒప్పుకుంటున్నట్లు ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. సర్టిఫికెట్ మీద మీ పూర్తి పేరు, కేసు నంబరు, గంటలు, పూర్తి చేసిన తేదీ ఉండేలా చూసుకోండి. చాలా కోర్సులు కేసు నంబరును అడిగితే గానీ వేయవు.

జవాబు 2 (ఇమిగ్రేషన్ న్యాయవాది కార్యాలయంలో పనిచేస్తున్నాను)

కోర్సు సంగతి తరువాత చూడవచ్చు, ముందు మీరు సంతకం పెట్టబోయే కాగితం సంగతి చూడండి. కేసు కొట్టివేస్తారు కాబట్టి ఇక భయం లేదని మన వాళ్లు చాలామంది అనుకుంటారు. రాష్ట్ర చట్టం దృష్టిలో అది నిజమే కావచ్చు గానీ, ఇమిగ్రేషన్ చట్టంలో "శిక్ష పడటం" అన్న మాటకు వేరే నిర్వచనం ఉంది. నేరం ఒప్పుకున్నా, లేదా నేరం రుజువు కావడానికి సరిపడే వాస్తవాలను అంగీకరించినా, దానికి తోడు న్యాయమూర్తి ఏదో ఒక రకమైన శిక్షో ఆంక్షో విధించినా, తరువాత కేసు కొట్టివేసినప్పటికీ అది శిక్ష కిందే లెక్క. అందుకే డిఫర్డ్ అడ్జుడికేషన్ (నేరం ఒప్పుకున్నాక తీర్పును వాయిదా వేసి, షరతులు పాటిస్తే కేసు కొట్టివేయడం) పౌరులకు మేలు చేసినంతగా గ్రీన్‌కార్డ్ ఉన్నవారికి చేయదు. డైవర్షన్‌లో నేరాంగీకారం లేకపోతే సాధారణంగా ఈ ఇబ్బంది రాదు. అయితే 2017లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు టెక్సాస్‌కే చెందిన ఒక కేసులో, ముందస్తు ఒప్పందంలో నిందితుడు వాస్తవాలను అంగీకరించి, న్యాయమూర్తి ఆ ఒప్పందాన్ని ఆమోదించి ఆంక్షలు విధించినందువల్ల, అది శిక్ష కిందికే వస్తుందని తేల్చింది. తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడటం దేశం నుంచి పంపివేయడానికి చట్టంలో విడిగా పేర్కొన్న ఒక కారణం. కాబట్టి ఆ ఒప్పందంలో అంగీకార వాక్యం ఉందో లేదో చూసుకోకుండా దయచేసి సంతకం పెట్టకండి. ఇలాంటి పరిణామాల గురించి కక్షిదారుకు చెప్పడం క్రిమినల్ న్యాయవాది బాధ్యతేనని 2010లో సుప్రీంకోర్టు పడీయా కేసులో తీర్పు ఇచ్చింది. అడగడానికి మొహమాటపడవద్దు.

జవాబు 3 (తుపాకీ భద్రత బోధకుడిని)

మీ ప్రశ్నలో పాప గురించి రాసిన వాక్యం చదివి ఈ జవాబు రాస్తున్నాను. ఇలా మరిచిపోయింది మీరొక్కరే కాదు. 2024లో ఈ దేశపు విమానాశ్రయాల తనిఖీ కేంద్రాల్లో 6,678 తుపాకులు పట్టుబడ్డాయి, వాటిలో 90 శాతానికి పైగా తూటాలు నింపి ఉన్నవే.

ఆన్‌లైన్ కోర్సు చట్టాన్నీ, భద్రపరిచే పద్ధతులనూ, నియమాలనూ బాగానే నేర్పుతుంది. తుపాకీ ఎప్పుడూ నిండి ఉన్నట్లే భావించాలి, గొట్టాన్ని కాల్చకూడని దేనివైపూ తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, గురికి వెనుక ఏముందో తెలియాలి. ఇవన్నీ పరీక్షలో అందరూ సరిగ్గానే రాస్తారు. చేతితో చేసేటప్పుడే తేడా వస్తుంది. నా తరగతిలో పేలని నారింజ రంగు డమ్మీ తూటాను ముందే ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనుక తూటా పేలే అరలో, పెట్టి, "ఖాళీ చేసి చూపండి" అని పిస్టల్ చేతికిస్తాను. చాలామంది మ్యాగజీన్ (తూటాలు నింపే డబ్బా) తీసి బల్ల మీద పెట్టి, "అయిపోయిందండీ" అంటారు. అప్పుడు స్లైడ్‌ను, అంటే పిస్టల్ పైన జరిగే లోహపు భాగాన్ని, వెనక్కి లాగమంటాను. డమ్మీ తూటా ఎగిరి బల్ల మీద పడి దొర్లుతుంది. గదిలో ఎవ్వరూ మాట్లాడరు. మ్యాగజీన్ తీసినా ఛాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉంటుందని వాళ్లందరికీ ముందే తెలుసు, చేతికి మాత్రం తెలియదు. మ్యాగజీన్ తీయడం, స్లైడ్ లాగి అలాగే పట్టి ఉంచడం, ఛాంబర్‌లోకి కంటితో చూడటం, చిటికెన వేలితో తడిమి చూడటం, ఈ వరుస తప్పకూడదు. మ్యాగజీన్ తీయకుండా ముందే స్లైడ్ లాగి వదిలితే మరో తూటా లోపలికి ఎక్కుతుంది.

అందుకే ఆన్‌లైన్‌కు అనుమతి దొరికినా, బోధకుడి ఎదుట కూర్చుని చేసే తరగతి ఒకటి అదనంగా చేయమని నా మనవి. కానీ ఒక జాగ్రత్త. బెయిల్ షరతుల్లో తుపాకీ తాకకూడదని ఉండవచ్చు. న్యాయవాదిని అడిగాకే వెళ్లండి, పేలని శిక్షణ పిస్టల్‌తో నేర్పమని ముందే చెప్పండి.

ఇంటి విషయానికి వస్తే, టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండని పిల్లలకు నిండిన తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం, అది వారి చేతికి చిక్కడం విడిగా ఒక నేరం. ఛాంబర్‌లో తూటా లేకున్నా మ్యాగజీన్ నిండి ఉంటే అది నిండిన తుపాకీయే. తుపాకీని ఖాళీ చేసి తాళం వేసిన పెట్టెలో, తూటాలను మరో తాళం కింద ఉంచాలి. కేబుల్ తాళాలను ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే తుపాకీ భద్రత కార్యక్రమం తరఫున చాలా పోలీసు కార్యాలయాలు ఉచితంగా ఇస్తాయి. రేంజ్ సంచిని మాత్రం ప్రయాణాలకు ఎన్నడూ వాడకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం న్యాయవాదికి ఫోన్ చేశాను. ఒప్పందం మూడో పేజీలో అంగీకార వాక్యం ఉంది. దాన్ని తీసివేయమని అడుగుతామని, అప్పటిదాకా సంతకం పెట్టవద్దని చెప్పారు. పిస్టల్ పోలీసుల దగ్గరే ఉంది. రేంజ్ సంచిని నిన్ననే చెత్తలో పడేశాను.