నున్న గొట్టపు చెకుముకి తుపాకీ: ఒంటి గుండుకీ, సన్న గుళ్లకీ ఒకటే చాలుతుందా?

ప్రశ్న

రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలికల గాడులు) లేని, రాతి రవ్వలతో పేలే చెకుముకి తుపాకీ ఒకటి తీసుకుందామనుకుంటున్నాను. ఎగిరే క్లే టార్గెట్లకి సన్న గుళ్లు, 50 గజాల్లో కాగితపు టార్గెట్‌కి ఒంటి గుండు, రెండూ దాంతోనే కొట్టాలి. 12 బోర్ మంచిదా, 20 బోరా, 24 బోరా (ఈ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం)? మందు ఎంత పోయాలి, మధ్యలో ఏమేం పెట్టాలి? క్యాప్‌తో పేలే పాతరకం తుపాకీ నింపడం వచ్చు. చెకుముకి మాత్రం కొత్త.

జవాబు 1

రెండు పనులకీ ఒకటే కావాలంటే 20 బోర్ తీసుకోండి. దాని గొట్టం లోపలి వెడల్పు సుమారు 0.615 అంగుళాలు. సన్న గుళ్లు మాత్రమే అయితే 12 బోరే మేలు, కానీ దాని ఒంటి గుండు 550 గ్రెయిన్ల (ఔన్సుకి సుమారు 437 గ్రెయిన్లు) దాకా తూగుతుంది. భుజానికి దెబ్బ, సీసం ఖర్చు రెండూ ఎక్కువే. 24 బోర్ గుండుకి బాగుంటుంది గానీ సన్న గుళ్లు తక్కువ పడతాయి.

గొట్టం 36 నుంచి 42 అంగుళాలు ఉంటే చాలు. పొడవుతో వేగం పెద్దగా పెరగదు, గురి నిలుస్తుంది. వీటికి సాధారణంగా వెనక సైట్ ఉండదు. ఆ పని మీ కన్నే చేయాలి కాబట్టి కట్ట (భుజానికి ఆనే కర్ర భాగం) మీ ఒంటికి సరిపోవడమే అసలు సంగతి. కళ్లు మూసుకుని తుపాకీ భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. ముందు కొసన గురికి ఉండే పూస గొట్టం మీద కూర్చున్నట్టు కనిపించాలి. గొట్టం పైభాగం బారుగా కనిపిస్తే దెబ్బ పైకి పోతుంది. గొట్టం వెనక కొస పూసని మూసేస్తే కిందికి పోతుంది.

మందు అసలైన నల్లమందే, 2ఎఫ్ రకం (ఎఫ్ ముందు అంకె పెరిగేకొద్దీ పొడి సన్నం). దానికి బదులుగా అమ్మే పొడులు అంటుకోవడానికి వేడి ఎక్కువ కావాలి, చెకుముకి రవ్వలకి సరిగ్గా అందుకోవు. పొగరాని మందు చిటికెడు కూడా వద్దు, గొట్టం పేలిపోతుంది.

సన్న గుళ్లకి మందూ గుళ్లూ ఒకే కొలత గిన్నెతో మొదలుపెట్టండి. 70 గ్రెయిన్ల మందు పట్టే గిన్నెలో గుళ్లు దాదాపు ఒక ఔన్సు పడతాయి. ముందు గుర్రం (రాయిని పట్టుకునే సుత్తి) దించి, ఉక్కు మూత (రాయి తగిలి రవ్వలు రాల్చేది) తెరిచి, రంజకపు గిన్నె (రవ్వలకి అంటుకునే కొద్దిపాటి పొడి, అంటే రంజకం, ఉంచేది) ఖాళీగా ఉందని చూసుకోండి. మందుని అది దాచే కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పోయకండి. గొట్టంలో నిప్పు కణం మిగిలి ఉంటే కొమ్మంతా చేతిలోనే అంటుకుంటుంది. కొలత గిన్నెలోకి పోసి, అందులోంచి గొట్టంలోకి. తర్వాత అంగుళంలో ఎనిమిదో వంతు మందం ఉన్న గట్టి అట్టబిళ్ల, దాని మీద నూనెతో తడిపిన అర అంగుళం ఫెల్ట్ బిళ్ల, ఆపైన గుళ్లు, చివర పల్చటి అట్టబిళ్ల. పై బిళ్ల వదులైతే గుళ్లు ముందుకు జారిపోతాయి. బిళ్లల అంచున సూదితో చిన్న చిల్లు పొడిస్తే కింద చిక్కుకున్న గాలి బయటికి పోతుంది, లేకపోతే దిమ్మించే కడ్డీ తీయగానే బిళ్ల పైకి లేస్తుంది.

ఒంటి గుండుకి 0.595 అంగుళాల మెత్తటి సీసపు గుండు, 0.010 నుంచి 0.015 మందం నూలు గుడ్డ, దానికి కొవ్వు. 60 గ్రెయిన్లతో మొదలుపెట్టి ఐదేసి పెంచుతూ 80 దాకా వెళ్లండి. ఒక్కో కొలతకి అయిదు దెబ్బలు కొట్టి కాగితం చూడండి. 80 దాటించాలన్న ఆశ వద్దు, అంతకన్నా ముందే మంచి గుంపు (దెబ్బలు దగ్గరదగ్గరగా పడటం) దొరుకుతుంది. తయారీదారు చెప్పిన గరిష్ఠం ఇంతకంటే తక్కువైతే అక్కడే ఆగండి.

గుండు మందుని తాకి కూర్చోవాలి. మధ్యలో ఖాళీ ఉంటే ఆ చోట గొట్టం ఉబ్బే ప్రమాదం ఉంది. కడ్డీ మీద రెండు గీతలు గీసుకోండి: ఖాళీ గొట్టానికి ఒకటి, సరిగా నింపినదానికి ఒకటి.

జవాబు 2

పై జవాబుకి చేర్చాల్సింది తాళం (గుర్రం, ఉక్కు మూత, రంజకపు గిన్నె ఉండే పేల్చే యంత్రం) గురించి. చాలామంది గొట్టం చూసి కొంటారు, తాళం చూడరు. ఉక్కు మూత గట్టిపడకపోతే రాయి దాన్ని గీరుతుందే తప్ప రవ్వలు రాలవు. గిన్నెలోంచి గొట్టంలోకి మంట పోయే నిప్పు రంధ్రం అంగుళంలో పదహారో వంతు ఉండాలి, రంజకపు గిన్నె పై అంచు ఎత్తులో ఉండాలి. అంతకు కిందికి ఉంటే రంజకం రంధ్రాన్ని మూసేస్తుంది, వత్తిలా నెమ్మదిగా కాలి దెబ్బ ఆలస్యమవుతుంది. రంజకానికి 4ఎఫ్ మందు మూడు నాలుగు గ్రెయిన్లు, గిన్నెలో మూడో వంతు చాలు. రంధ్రం నుంచి దూరంగా సర్ది మూత వేయండి. లోపలికి పోవాల్సింది మంట, పొడి కాదు.

రాయిని పల్చటి తోలులో చుట్టి బిగించండి. దాని అంచు మూతకి అడ్డంగా, ఒకే వరసలో ఆనాలి, ఒక మూల ముందుకొస్తే ఆ మూలే విరుగుతుంది. మొద్దుబారితే ఇత్తడి ముక్కతో అంచుని మెల్లగా తట్టి చిన్న పెచ్చులు రాలగొట్టండి, కంటికి అద్దాలు పెట్టుకుని, తుపాకీ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే.

అడిగినవారు

ధన్యవాదాలండీ. కాగితం మీద గుళ్లు గుండ్రంగా పరుచుకుని మధ్యలో ఖాళీ వస్తే తప్పు ఎక్కడ ఉన్నట్టు? రంజకం మాత్రమే మండి ఆగిపోతే ఏం చేయాలి?

జవాబు 3

మధ్యలో ఖాళీ అంటే చాలాసార్లు బరువైన ఫెల్ట్ బిళ్ల గుళ్లని వెనకనుంచి తోసి చెదరగొడుతోందని. ఫెల్ట్ మందం సగానికి తగ్గించండి, లేదా మందు 5 నుంచి 10 గ్రెయిన్లు తగ్గించండి, గుళ్లు అలాగే ఉంచండి. సాధారణంగా మందు తగ్గితే గుంపు దగ్గరవుతుంది. 25 గజాలు మించి ఎగిరేవాటి మీద వేయకండి, గొట్టంలో చోక్ (గుళ్లు చెదరకుండా మూతి దగ్గర ఇరుకు) లేదు.

రంజకం మాత్రమే మండితే తుపాకీ మూతిని టార్గెట్ వైపే ఉంచి నిండుగా ఒక నిమిషం ఆగండి. గిన్నె తుడిచి, రంధ్రంలో సన్న తీగతో పొడిచి, మళ్లీ రంజకం పెట్టండి. పేలలేదు కదా అని పైనుంచి ఇంకో మోతాదు మాత్రం పోయొద్దు. ముందు కడ్డీ గీత చూడండి, లోపల ఏముందో అదే చెబుతుంది. మందు పోయకుండా గుండు దింపేశారనుకోండి, గిన్నెలోని పొడిని నిప్పు రంధ్రంలోంచి కొద్దికొద్దిగా లోపలికి ఎక్కించి, కడ్డీతో గుండుని మళ్లీ కిందికి నొక్కి, కడ్డీ తీసేసి, రంజకం పెట్టి పేల్చేయండి.

నల్లమందు మసి తేమని లాగుతుంది, రాత్రికే తుప్పు మొదలవుతుంది. ఆ రోజే గోరువెచ్చటి నీళ్లతో గొట్టం కడగండి. మరిగే నీళ్లు పోస్తే ఇనుము ఆరగానే ఎర్రటి పొర కడుతుంది. గుడ్డ తెల్లగా వచ్చాక నూనె రాసి, తుపాకీని మూతి కిందికి పెట్టి నిలబెట్టండి. నూనె తాళంవైపు జారి కర్రలోకి ఇంకకుండా ఉంటుంది.