16-0 తర్వాత: చిన్న దేశాల కుర్ర జట్లకు ప్రపంచకప్‌లో నేరుగా చోటివ్వాలా?

ట్యాంక్‌బండ్ వింగర్:
ఖతర్‌లో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌లో, 2025 నవంబరు 9న మొరాకో 16-0తో పసిఫిక్ దీవి న్యూ కాలెడోనియాను చిత్తు చేసింది. ఈ టోర్నీలో ఇంతకన్నా పెద్ద గెలుపు లేదు. అంతకుముందు రికార్డు 1997లో న్యూజిలాండ్ మీద స్పెయిన్ సాధించిన 13-0. జట్లను 24 నుంచి 48కి పెంచాక ఓషియానియాకు (పసిఫిక్ దీవుల ప్రాంతం) మూడు చోట్లు దక్కాయి. మూడు లక్షల జనాభా కూడా లేని న్యూ కాలెడోనియా లాంటి దీవులకు అలా నేరుగా చోటివ్వడం నాకు సమ్మతం కాదు. ఆ ఖండం నుంచి న్యూజిలాండ్ నేరుగా రావచ్చు, మిగతా ఇద్దరూ ఆసియా, ఆఫ్రికా జట్లతో ప్లేఆఫ్ ఆడి రావాలి. పదహారు గోల్స్ తిన్న పిల్లాడు ఆ మ్యాచ్‌లో నేర్చుకునేదేముంది?

చార్మినార్ నంబర్ సిక్స్:
అన్నా, ఒక్క స్కోరు చూసి తీర్పు చెప్తే ఎట్ల? గదే జట్టు మూడు రోజుల ముందు జపాన్‌ను 0-0 దగ్గర ఆపింది. ఆ జపాన్ మొరాకోను 2-0తోని, పోర్చుగల్‌ను 2-1తోని కొట్టి గ్రూపుల మొదటి స్థానంల నిలిచింది. పోర్చుగల్ ఏమో చివరికి కప్పే ఎత్తుకపోయింది. అంటే అది మామూలు గ్రూపు కాదు. 2017ల మన దగ్గర జరిగినప్పుడు గూడ ఫ్రాన్స్ చేతిల 7-1, హోండురస్ చేతిల 5-0 ఓడినంక కోల్‌కతాల జపాన్‌తోని 1-1 డ్రా చేసుకున్నరు. ఆతిథ్య దేశంగ మనం మూడుకు మూడు ఓడినం: అమెరికాతోని 0-3, కొలంబియాతోని 1-2, ఘనాతోని 0-4. 2025ల ఆసియా నుంచి తొమ్మిది జట్లు పోయినా మనం అండ్ల లేం. వాళ్ల చోటు తీసేయమనే ముందు గిది గూడ యాదిల పెట్టుకోవాలె.

గచ్చిబౌలి ఈస్ట్ స్టాండ్:
ఒకే జట్టు 0-0 ఎలా ఆపుతుంది, 16 ఎలా తింటుంది అన్నదే ఇక్కడ అసలు విషయం. గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్ వెడల్పు 40.3 మీటర్లు. ఐదుగురు డిఫెండర్లు ఆ వెడల్పంతా పరుచుకుంటే మనిషికీ మనిషికీ మధ్య పది మీటర్ల ఖాళీ వస్తుంది, ఆ సందులోంచి ఎవరైనా దూరిపోతారు. అందుకే బంతి ఉన్న వైపుకు అందరూ జరిగి, దాదాపు 30 మీటర్లలో ఇమిడిపోతారు. ముందున్న నలుగురు మిడ్‌ఫీల్డర్లు వాళ్లకు పది మీటర్లకు మించి దూరం పోకూడదు. బంతి అవతలి వైపుకు మారిన ప్రతిసారీ తొమ్మిది మందీ కలిసి పరుగెత్తాలి. గచ్చిబౌలిలోనే 2024 సెప్టెంబరు 3న మారిషస్ ఇలాగే మన సీనియర్ జట్టును 0-0తో కట్టేసింది.

కట్టు తెగేది ఎక్కడంటే: బంతిని దూరంగా తన్నాక లైను ఐదారు అడుగులు పైకి రావాలి. కాళ్లు అలసిపోతే రాదు. అప్పుడు బాక్స్ అంచున పడ్డ బంతి ఎదుటివాడిదే. ఇంకోటి, వింగర్ గోల్ లైను దాకా దూసుకొస్తే ఐదుగురూ గోల్ వైపే పరుగెడతారు, పెనాల్టీ స్పాట్ దగ్గర ఒక్కడూ ఉండడు. వెనక్కి ఇచ్చిన పాస్ అక్కడే పడుతుంది. వారంలో మూడో మ్యాచ్ అంటే చిన్న జట్టుకు ఈ రెండూ పదేపదే జరుగుతాయి. ఎందుకంటే పదకొండు మంది తర్వాత ఆ స్థాయి ఆటగాళ్లు బెంచ్ మీద ఉండరు.

లెక్కల లైన్స్‌మన్:
మొరాకో ఆగకుండా కొట్టడానికి కారణం పాయింట్ల పట్టికలో ఉంది. నాలుగేసి జట్లున్న 12 గ్రూపుల్లో మూడో స్థానంలో నిలిచినవాళ్లలో మెరుగైన 8 జట్లు ముందుకెళ్తాయి. జపాన్ చేతిలో 0-2, పోర్చుగల్ చేతిలో 0-6 ఓడిన మొరాకోకు చివరి మ్యాచ్ ముందు సున్నా పాయింట్లు, గోల్ తేడా (కొట్టినవాటికీ తిన్నవాటికీ తేడా) మైనస్ 8. ఎనిమిది కొడితే సున్నాకు వస్తుంది, అంతే. పదహారు కొట్టి ప్లస్ 8తో నాకౌట్‌కు వెళ్లింది. గ్రూపులో బలహీన జట్టు తగలడమే ఒక వరంగా మారింది. నా సూచన: మూడో స్థానాలను పోల్చేటప్పుడు నాలుగో జట్టుతో ఆడిన ఫలితం లెక్కలోంచి తీసేయాలి. యూరప్ దేశాల కప్ యూరో 2016 అర్హత పోటీల్లో మూడో స్థానాలను పోల్చేందుకు ఆరో జట్టుతో ఆడిన మ్యాచ్‌లను ఇలాగే వదిలేశారు.

ట్యాంక్‌బండ్ వింగర్:
యూరో అర్హత పోటీల్లో ఒక్క గ్రూపులో మాత్రం ఐదు జట్లే, మిగతావాటిలో ఆరేసి ఉన్నాయి కాబట్టి అలా చేశారు. ఇక్కడ అన్ని గ్రూపులూ సమానమే. పైగా మీ పద్ధతిలో మూడు మ్యాచ్‌లలో రెండే మిగులుతాయి. నాలుగో జట్టుతో చివరి మ్యాచ్ ఉన్నవాడు రిజర్వు ఆటగాళ్లను దింపేస్తాడు. ప్లేఆఫే మేలు.

చార్మినార్ నంబర్ సిక్స్:
ప్లేఆఫ్ ఓడితే ఆ పిల్లలకు పెద్ద జట్లతోని ఒక్క మ్యాచ్ గూడ ఉండదన్నా, తేడా అట్లనే ఉంటది. 2009ల అండర్-20 ప్రపంచకప్‌ల తాహితి మూడు మ్యాచ్‌లల్ల 21 గోల్స్ తిన్నది, ఒక్కటి కొట్టలే. మూడేండ్లకు దాని సీనియర్ జట్టు ఓషియానియా నేషన్స్ కప్ గెలిచింది, ఫైనల్ల ఓడింది న్యూ కాలెడోనియానే. 2015ల ఫిజీ అండర్-20 జట్టు జర్మనీ చేతిల 8-1 ఓడినంక హోండురస్‌ను 3-0తోని కొట్టింది. ప్లేఆఫ్ పెట్టి ఆపితే ఇవేవీ జరిగేటివి కావు.

గచ్చిబౌలి ఈస్ట్ స్టాండ్:
చోటు తీసేయడం కన్నా టోర్నీకి ముందు నాలుగు వారాలు చూసుకోవాలి. న్యూ కాలెడోనియా రాజధాని నౌమియా నుంచి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కు విమానంలో దాదాపు మూడు గంటలు, చుట్టుపక్కల దీవుల్లో ఆడటానికి గట్టి జట్లు లేవు. ఫ్రాన్స్ భూభాగం కాబట్టి ఫ్రెంచ్ క్లబ్బుల అకాడమీ జట్లతో ఆడే దారి వాళ్లకు ఉంది. ప్రతిభ అటే వెళ్లిపోయే ప్రమాదమూ ఉంది, న్యూ కాలెడోనియాలోని లిఫూ దీవిలో పుట్టిన ఆటగాడు కరెంబూ 1998లో ప్రపంచకప్ గెలిచింది ఫ్రాన్స్ తరఫునే. అయినా నాలుగైదు మ్యాచ్‌లు, అవీ మూడు రోజులకొకటి చొప్పున ఆడించాలి. మూడో మ్యాచ్‌కు ఏ ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు కూలబడిపోతారో కోచ్‌కు అక్కడే తెలిసిపోతుంది, ఐదు సబ్‌స్టిట్యూషన్లు ఏ నిమిషంలో వాడాలో ముందే రాసుకోవచ్చు.