షుగర్ ఉన్నవాళ్లు పొద్దున టిఫిన్‌కి ఏం తింటున్నారు? రాగిజావ తాగినా 220 చూపిస్తోంది

బైరాగిపట్టెడ టీచరమ్మ:
అందరికీ నమస్తే. మాది తిరుపతి, నాకు 46 ఏళ్లు. ఈమధ్యే టైప్ టూ షుగర్ అని తేలింది, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎవన్‌సి 8.1 వచ్చింది, పొద్దున రాత్రి మెట్‌ఫార్మిన్ 500 వేసుకుంటున్నా. డాక్టర్ గారు అన్నం తగ్గించండి, స్వీట్లు మానేయండి అని రెండు ముక్కలు చెప్పి తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు. మధ్యాహ్నం, రాత్రి ఎలాగో సర్దుకుంటున్నా గానీ తంటా అంతా పొద్దున టిఫిన్ దగ్గరే. ఏడున్నరకల్లా స్కూల్‌కి బయల్దేరాలి. ఇంట్లో ఇడ్లీ, దోశ, ఉప్మా, పొంగలి, ఆదివారమైతే బొరుగుల ఉగ్గాని, బజ్జీ, ఇవే తిరుగుతుంటాయి. మా అత్తమ్మేమో "సంగటి తిన్నోళ్లకి షుగరెక్కడిదే" అంటూ రోజూ పెద్ద గ్లాసు నిండా రాగిజావ ఇస్తున్నారు. తీరా రెండు గంటలాగి మిషన్‌లో చూసుకుంటే 220! ఉప్మా తిన్నరోజే నయం, 195. రాగులు మంచివంటారు కదా, మరి ఇదేంటి? ఇంకోటి, రాత్రి 118తో పడుకున్నా సరే పొద్దున పరగడుపున 140 ఉంటోంది. తినకముందే ఇంత ఉంటే అసలు టిఫినే మానేస్తే పోలా అనిపిస్తోంది. ఐదుగురికి వండే ఇల్లు, నాకొక్కదానికి వేరే వంటంటే నావల్ల కాదు, అది చూసుకుని చెప్పండి.

చిత్తూరు చెనక్కాయ:
అక్కా, మీ అత్తమ్మ అన్నదాంట్లో నిజం లేకపోలేదు, కాకపోతే వాళ్లు సంగటి ముద్ద తిని చేన్లోకి పోయి పొద్దు వాలేదాకా వంగి పనిచేసినోళ్లు, మనం జావ తాగి స్కూటీ ఎక్కుతాం. రాగుల్లో కాల్షియం, పీచు బియ్యంకంటే చాలా ఎక్కువ, అందులో అనుమానం లేదు. కానీ పిండిపదార్థం చూస్తే వంద గ్రాముల రాగుల్లో దగ్గర దగ్గర 70 గ్రాములు ఉంటుంది, బియ్యానికీ దీనికీ అంత పెద్ద తేడా ఏమీ లేదు. పైగా మిల్లులో మెత్తగా ఆడించిన పిండిని పలచగా ఉడికించి తాగేస్తే పంటికి పని లేదు, కడుపుకీ పెద్ద పని లేదు, గటగటా దిగిపోతుంది, షుగరూ అంతే వేగంగా ఎక్కుతుంది. అందులో బెల్లం కూడా వేస్తుంటే ఇంక చెప్పేదేముంది.

మా నాన్నకి చాలా ఏళ్లుగా షుగర్. మా ఇంట్లో ఇడ్లీ దోశ మానలేదు, వరస మార్చాం అంతే. అమ్మ రాత్రి పడుకునే ముందు పెసలో అలసందలో ఉలవలో ఓ రెండు గుప్పెళ్లు నానేస్తుంది. పొద్దున కుక్కర్లో ఉడికించి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ పిండుతుంది. ఉలవలైతే ఇంకొంచెం ఎక్కువసేపు ఉడకాలి. నాన్న ముందు ఆ గుగ్గిళ్లు గిన్నెడు తిని, అప్పుడు రెండు ఇడ్లీ. చలికాలంలో అనపకాయలు దిగితే గుగ్గిళ్ల బదులు పితికిపప్పు, అంటే అనపగింజలు నానబెట్టి తొక్క పితికి వండే కూర, దాని ముందు ఏ ఓట్సూ పనికిరాదు, అది నా పక్షపాతం అనుకోండి. పప్పు, కూర ముందు తిని పిండిపదార్థం చివర్లో తింటే అదే ఇడ్లీకి షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. ఇంట్లో అందరూ గుగ్గిళ్లు తింటారు కాబట్టి వేరే వంట అనే మాటే రాదు.

పెసరట్టు కూడా బ్రహ్మాండం, అయితే కరకరలాడాలని గుప్పెడు బియ్యం కలుపుతారు చూడండి, అది వద్దు. హోటల్లో మడతలో పెట్టిచ్చే ఉప్మా అసలే వద్దు. చెనక్కాయల ఊరిబిండి, అదే పల్లీల పచ్చడి, వేసుకోవచ్చు, కాకపోతే గరిటెలు గరిటెలు వడ్డించుకుంటే బరువు పెరుగుతారు.

ల్యాబ్ తమ్ముడు:
మేడమ్, ముందు ఆ 140 సంగతి. తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరుగుతాయి, అప్పుడు లివర్ తనలో దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. షుగర్ లేనివాళ్లకి ఇన్సులిన్ దాన్ని సర్దేస్తుంది, మనకి సర్దదు. కాబట్టి అది మీరు రాత్రి తిన్న దోషం ఒక్కటే అనుకోవద్దు, రోజూ అలాగే వస్తుంటే ఆ రీడింగులు రాసుకుని డాక్టర్‌కి చూపించండి, మందు టైం మార్చడమో డోసు మార్చడమో ఆయన చూస్తారు. ఈ కారణంతోనే చాలామందికి మధ్యాహ్నం తిన్నదానికంటే పొద్దున తిన్నదానికే షుగర్ ఎక్కువ ఎగురుతుంది, అందుకే మిగతా పూటలకంటే టిఫిన్‌లో బియ్యం, రవ్వ తగ్గించడం మీద దృష్టి పెట్టమంటాను.

టిఫిన్ మానేయడం గురించి. మీరు మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నారు కాబట్టి దానివల్ల లో షుగర్ రావడం అరుదు, కానీ ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, విరేచనాలు పట్టుకుంటాయి. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ల గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు మాత్రం మందు వేసుకుని టిఫిన్ ఎగ్గొడితే ప్రమాదం. చెమటలు పట్టి చేతులు వణికి, మిషన్‌లో 70కి తక్కువ చూపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి, పావుగంటాగి మళ్లీ చూసుకోవాలి.

టెస్ట్ చేసుకునే తీరు కూడా చెప్తా, ఇందులో గందరగోళం ఎక్కువ. రెండు గంటలనేది మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్క, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. ఎక్కువమందికి పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్నాక 180 లోపు ఉంటే చాలంటారు. స్ట్రిప్పులు ఖరీదు కదా, రోజూ అక్కర్లేదు, ఒక్కో టిఫిన్‌కి తినే ముందోసారి, తిన్నాకోసారి చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. మీరు 220 అన్నారు గానీ 140 దగ్గర మొదలైతే జావ పెంచింది 80, ఆ పెరిగింది ఎంతో చూసుకుంటేనే ఏ టిఫిన్ మీకు పడుతుందో తెలుస్తుంది.

అలిపిరి వాకర్:
ఈ నానబెట్టడాలు అవీ ఎందుకండీ, ఓట్స్ ప్యాకెట్ చింపి వేడినీళ్లు పోసుకుంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. నేనదే తింటా, తిని యూనివర్సిటీ గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు వేస్తా, షుగర్ కంట్రోల్‌లోనే ఉంది.

చిత్తూరు చెనక్కాయ:
అన్నా, మిమ్మల్ని కాపాడుతున్నది ఆ నాలుగు రౌండ్లు, ప్యాకెట్ కాదు. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిచినా కండరాలు షుగర్‌ని లాగేసుకుంటాయి. రెండు నిమిషాల్లో ఉడికే ఓట్స్ అంటేనే ముందే ఆవిరి పట్టించి పలచగా నొక్కేసినవి, లావు ఓట్స్ కంటే వేగంగా షుగర్ పెంచుతాయి, మసాలావైతే ఉప్పు అదనం.

బైరాగిపట్టెడ టీచరమ్మ:
తమ్ముళ్లిద్దరికీ చాలా థ్యాంక్స్. బెల్లం వేయరు, మజ్జిగ పోసే ఇస్తారు, అయినా అంత వచ్చింది. గుగ్గిళ్లు మా పిల్లలు కూడా తింటారు, నవరాత్రుల్లో ఎగబడతారు. రెండు డౌట్లు. ఇడ్లీ పిండినే ఏమైనా మార్చొచ్చా? ఇంకోటి, మేముండేది తిరుపతి కదా, కొండకి వచ్చిన చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. పొద్దున్నే లడ్డూ తెచ్చి చేతిలో పెడితే వద్దనలేం. ఉగ్గాని కూడా మానాల్సిందేనా?

చిత్తూరు చెనక్కాయ:
ఒక గ్లాసు మినప్పప్పుకి మూడు గ్లాసుల రవ్వ పోసేవాళ్లయితే ఒకటిన్నరకి దించండి, ఇడ్లీ కాస్త సాగినట్టుంటుంది గానీ అందరూ తినొచ్చు. రవ్వలో సగం జొన్నరవ్వ కలిపినా బాగుంటుంది. కొర్రలతో పొంగలి చేస్తే పెసరపప్పు సమానంగా వేయండి, కొర్రలే కదా అని రెండోసారి వడ్డించుకోవద్దు. సాంబార్‌లో ముక్కలు ఎక్కువ, పక్కన ఉడికించిన గుడ్డు. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ పప్పులు, గుడ్లు పెంచేముందు డాక్టర్‌ని అడగాలి.

ఉగ్గాని అంటే బొరుగులు, బొరుగులంటే బియ్యమే, అదీ ఉబ్బించింది, తొందరగా అరిగిపోతుంది. నెలకోసారి తినండి, ప్లేటులో సగం ఉల్లిపాయ, టమాటా, పప్పులపొడి ఉండేటట్టు చూసుకోండి. బజ్జీ లేని ఉగ్గానిని మా ఊళ్లో ఉగ్గాని అనరు, కాబట్టి ఒకటి తినండి, ఆ పూట ఇంకేం వద్దు. లడ్డూ పరగడుపున కాకుండా టిఫినయ్యాక చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుని, మిగతాది వెంటనే పక్కింటికి పంపించేయండి. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం రోజుకింత చొప్పున అది మీ కడుపులోకే పోతుంది అక్కా.