డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన ఈ తప్పటడుగుల బొమ్మలో ఎవరు ఎవరికి ఏమవుతారు?

బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న రెంబ్రాంట్ గోధుమరంగు సిరా బొమ్మ (1656 ప్రాంతానిదంటారు) గురించి కొంచెం సాయం కావాలి. అప్పుడే నడక నేర్చుకుంటున్న బిడ్డను చెరోపక్క ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు, ఎదురుగా ఒకాయన గొంతుక్కూర్చుని చేతులు చాపి రమ్మంటున్నాడు, వెనకాల పాలమ్మాయి బకెట్ మోసుకుంటూ పోతోంది. ముఖాలంటే నాలుగు గీతలే, అయినా ఒకామె పట్టు గట్టిగా ఉంది, రెండోది వంగి బిడ్డ ముఖంలోకి తొంగి చూస్తోంది. అందుకే నాకు తల్లి, అక్క అనిపిస్తోంది. పనిమనిషి కూడా కావచ్చా? రెంబ్రాంట్ కూతురు కొర్నేలియా 1654లో పుట్టింది కదా, అలాగని ఇది సొంతింటి సంగతే అనుకోవచ్చా, లేక వీధిలో చూసి గబగబా గీసిందా? అప్పటి డచ్ ఆడవాళ్ల బట్టలు, తలగుడ్డలు చూసి వయసూ హోదా పోల్చగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.