డిసెంబరు కచేరీలకు మద్రాసు పోవాలా, నెల్లూరులోనే నిలబెట్టాలా?

మూలపేట కుర్రోడు:
చెన్నైని 2017లో యునెస్కో సంగీత నగరాల్లో చేర్చింది. సంతోషమే. కానీ అక్కడ సంగీత సభల్లో పాడేవాటిలో పెద్ద భాగం త్యాగరాజ కీర్తనలు, అంటే తెలుగు. ఆయన పూర్వీకులది ఉమ్మడి ప్రకాశం జిల్లా కాకర్ల. అట్టాంటిది మనం పినాకిని రైలెక్కి, టికెట్టు కొని, వెనక వరుసలో కూర్చోవడమేంది? ఆ డబ్బులే ఊళ్లో పెడితే సభలు నడవ్వా?

ట్రంకురోడ్డు:
పెడితే వినేదెవురబ్బా? ఉచిత కచేరీకే ముందు వరుసలో కమిటీ వాళ్లు, వెనక ఫ్యాను గాలికొచ్చినోళ్లు. సంగీత పాఠశాలకు 2020లో బాలు గారి పేరు పెట్టుకున్నాం. ఆడ నేర్చుకున్న పిల్లలు పాడేదానికి ఏడాదికెన్ని వేదికలిస్తున్నాం?

కరవది మనవడు:
కీర్తన ఏ భాషలో ఉందన్నది పక్కన పెట్టండి. మద్రాసు రేవు పట్నం. వర్తకులు, దుబాసీలు సంపాదించారు, విద్వాంసుల్ని పిలిపించి పాడించుకున్నారు. త్యాగరాజస్వామి అంతటాయన కూడా ఆ పక్కకి వెళ్లాడు. రేవుకి ఉత్తరాన ఉన్న తిరువొత్తియూరు త్రిపురసుందరి మీద పాడిందే 'దారిని తెలుసుకొంటి'. 1927 కాంగ్రెసు మహాసభలతోపాటు సంగీత సమావేశం జరిగింది, మరుసటేడు మ్యూజిక్ అకాడమీ పుట్టింది. పోషించేవాళ్లు ఎవరో ఒకరు ఎప్పుడూ ఉన్నారు, అదీ అసలు సంగతి.

మా ఊరి షేక్ చినమౌలానా గారినే తీసుకోండి. 1924లో కరవదిలో పుట్టి, సన్నాయి మీద తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్లి, శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1998లో ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది ఆ అకాడమీయే. మనం 'మావాడే' అని చెప్పుకుంటున్నాం, అంతవరకే.

మొన్న ఒంగోల్లో ఒక పెళ్లి. ముహూర్తానికి గంట ముందు సన్నాయి ఆయన మోహన రాగం ఎత్తుకున్నాడు. రాగం ఇంకా పై షడ్జం తాకలేదు, వీడియో కుర్రాడొచ్చి "కాస్త ఆపండి సామీ" అని స్పీకర్లలో సినిమా పాట పెట్టించాడు. ఆయన సన్నాయి పీక ఊడదీసి నోట్లో తడుపుకుంటా కూర్చున్నాడు. డోలాయన ఫోన్ చూసుకుంటున్నాడు. మళ్లీ వాళ్లతో పనిబడింది గట్టిమేళం అన్నప్పుడే. సభ సంగతి తర్వాత, పెళ్లికి పిలిచిన మేళాన్ని అరగంట వినగలమా ముందు?

కాసిమేడు కోడలు:
నేను పుట్టింది సూళ్లూరుపేట, ఉండేది ఉత్తర మద్రాసు. మీరంతా మద్రాసు సంగీతమంటే మైలాపూరు సభలే అనుకుంటున్నారు. మా వీధిలో చావింటికాడ రాత్రంతా గానా పాడతారు. చేపల రేవులో పనిచేసేవాళ్లు, రిక్షా తొక్కినవాళ్లు కట్టిన పాటలు. యునెస్కో వచ్చినా రాకపోయినా అవి ఆగలేదు. దానికి పోషకులెవరన్నా?

కరవది మనవడు:
చావింటివాళ్లే గదమ్మా. పిలుస్తారు, కూర్చుని వింటారు. నేను చెప్పేదీ అదే.

మూలపేట కుర్రోడు:
కరవది అన్నా, పెళ్లి మేళంతో సభ నిలబడదు. నెలకొక కచేరీ, యాభై మంది చందాదారులు, చిన్న హాలు. అది లేకుండా ఎన్ని పెళ్లిళ్లు చేసినా అంతే. అయినా ఫిబ్రవరిలో మా అక్క పెళ్లి ఉంది, మీ వైపు మంచి మేళం ఉంటే చెప్పండి. అరగంట కాదు, గంట పెట్టిస్తా.

ట్రంకురోడ్డు:
భోజనాల బంతి వేసే టైముకి మాత్రం పెట్టబాకండి.